పేరు దాచే వ్యాసం, పేరడిగే దరఖాస్తు

పదో తరగతి తెలుగు పరీక్షలో వ్యాసం ఉంటుంది, లేఖ ఉంటుంది. లేఖలో సొంత పేరు, సొంత ఊరు రాయొద్దని పంతుళ్లు ముందు నుంచే నూరిపోస్తారు. పేరుండాల్సిన చోట మూడు ఎక్స్‌లు పెట్టమంటారు. దిద్దేవాడికి రాసినవాడెవడో తెలియకూడదు. అదే పిల్లగాడు పరీక్ష గట్టెక్కి సీటు కోసమో స్కాలర్‌షిప్ కోసమో దరఖాస్తు పట్టుకుని నిలబడితే మొదటి గడిలో పేరు, ఆ కింద తండ్రి పేరు, ఆ కింద మతం, కులం, ఊరు అడుగుతారు. ఒక కాగితం మీద పేరు రాస్తే తప్పు. ఇంకో కాగితం మీద రాయకుంటే తప్పు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో చదువుకున్న ముస్లిం పిల్లలం ఈ రెండు కాగితాల మధ్యే పెరిగాం.

ఇప్పుడు మూడో కాగితం ఒకటి వచ్చింది. అమెరికా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా కాలేజీలు పిల్లవాడిని తన గురించి తనే ఒక వ్యాసం రాసి పంపమంటాయి. నువ్వెవరు, ఎక్కడి నుంచి వచ్చావు, మా కాలేజీకే ఎందుకు రావాలనుకుంటున్నావు అని అడుగుతాయి. పరీక్ష వ్యాసానికీ దరఖాస్తుకూ పుట్టిన బిడ్డ ఇది. పరీక్షలో రాసే వ్యాసానికీ, కాలేజీకి పంపుకునే ఈ వ్యాసానికీ సంబంధం ఏమిటి? చాలామంది దీన్ని ఇంగ్లీషు వచ్చా రాదా అన్న లెక్కలోనే చూస్తారు. మాలాంటి పేర్లున్నవాళ్లకు అది పేరు లెక్క కూడా. అందుకే చరిత్రలోకి పోయి చూడాలి.

మాటల దగ్గర మొదలుపెడదాం. దరఖాస్తు పారశీకం నుంచి వచ్చింది. అర్జీ, జవాబు, ఖాళీ అరబ్బీ మూలం ఉన్న మాటలు. ఖాళీలు పూరించి, ప్రశ్నలకు జవాబులు రాసి, పాసయ్యాక దరఖాస్తు పెట్టుకునే ఏ తెలుగు పిల్లవాడైనా మా నాయినమ్మల మాటలతోనే పరీక్ష దాటుతున్నాడు. ఒక్క మాట మాత్రం దారిలో అర్థం మార్చుకుంది. మా ఇండ్లల్లో సవాల్ అంటే ప్రశ్న. తెలుగులో సవాలు అంటే పందెం, తలపడమనడం. ఇంట్లో సవాల్ అడిగితే జవాబు వచ్చేది. బయట సవాల్ అడిగితే కయ్యానికి కాలు దువ్వినట్టయింది.

వ్యాసం అన్న మాట సంగతి వేరు. తెలుగులో వచన రచనగా ఇది పాత సరుకేమీ కాదు. స్వామినీన ముద్దునరసింహం రాసిన హితసూచని 1862లో అచ్చయింది. అందులోని రచనలను ఆయన ప్రమేయాలు అన్నాడు. వీరేశలింగం కాలంలో ఉపన్యాసం అన్నారు. వ్యాసం అన్న పేరు స్థిరపడింది ఆ తర్వాతే. మా ఇండ్లల్లో దీన్నే మజ్మూన్ అంటారు. దరఖాస్తు పాతది, వ్యాసం కొత్తది. ఒకటి దర్బారు నుంచి వచ్చింది, ఒకటి ఇంగ్లీషు బడి నుంచి వచ్చింది.

దరఖాస్తు చరిత్ర నల్లగొండ జిల్లాకు బాగా తెలుసు. నైజాం రాజ్యంలో 1880లలో పారశీకం పోయి ఉర్దూ సర్కారు భాష అయింది. రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగు మాట్లాడేవాళ్లే. కాని పటేల్, పట్వారీ లెక్కల మీద, తాలూకా కచేరీలో, కోర్టులో నడిచింది ఉర్దూ. సూర్యాపేట రైతు భూమి కోసం ఫిర్యాదు పెట్టుకోవాలంటే తన గోస ఇంకొకడి చేత ఇంకొక భాషలో రాయించుకోవాలి. కింద వేలిముద్ర వెయ్యాలి. రాసిందేమిటో వేలిముద్ర వేసినవాడికి తెలియదు. దరఖాస్తు రాసేవాడి దయ మీద అడిగేవాడి బతుకు ఆధారపడింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆ రోజుల్లో భాష వల్ల నష్టపోయింది తెలుగు పిల్లలు. 1917లో ఫర్మానా వచ్చి 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఏర్పడింది. ఒక భారతీయ భాషలో వైద్యం, ఇంజనీరింగ్, న్యాయం దాకా చెప్పొచ్చని రుజువు చేసిన గొప్ప ప్రయత్నం అది. అందుకోసం దారుత్తర్జుమా అనే అనువాద సంస్థనే పెట్టారు. కాని ఆ భాష ఉర్దూ. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు ఉర్దూ మజ్మూన్ రాసి నెగ్గితేనే పై చదువు, సర్కారీ కొలువు. 1921లో హైదరాబాద్ వివేకవర్ధిని సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేశారు. అదే రోజు ఆంధ్ర జనసంఘానికి బీజం పడింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక, 1930లో జోగిపేట ఆంధ్ర మహాసభ ఆ అవమానం లోంచి సాగి వచ్చినవే. తన భాషలో తన గురించి చెప్పుకోలేకపోవడం ఎంత నొప్పో తెలంగాణకు మేం నేర్పనక్కర్లేదు.

అయితే ఉర్దూ రాజ్యమేలినంత మాత్రాన ముస్లింలందరూ రాజ్యమేలారా? ఊళ్లల్లో దూది ఏకినవాళ్లు, గాజులమ్మినవాళ్లు, జట్కాలు తోలినవాళ్లు, దేవిడీల్లో వెట్టి చేసినవాళ్లు ఏ భాషలో దరఖాస్తు రాసుకున్నారు? వాళ్లలో ఎంతోమంది ఇంట్లో మాట్లాడింది తెలుగే. మాట్లాడింది ఉర్దూ అయినా అది కచేరీ ఉర్దూ కాదు. షేక్ బందగీ సంగతే చూడండి. అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కామారెడ్డిగూడెం రైతు. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన భూమి కోసం కోర్టుకెక్కాడు, గెలిచాడు. గెలిచినందుకే 1940లో నడిదారిలో నరికి చంపారు. కోర్టు భాష ఉర్దూ, రాజు ముస్లిం, వాది ముస్లిం. అవేవీ బందగీని కాపాడలేదు. కాగితం మీద న్యాయం రాసుకున్నా దాన్ని చేతిలో పట్టుకుని నడవనియ్యలేదు. ఆ కథే 1947లో మా భూమి నాటకమైంది.

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య. ఆ తర్వాత కచేరీ భాష మారింది. ఉస్మానియా ఇంగ్లీషు మీడియం అయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. 1966లో తెలుగు అధికార భాషా చట్టం వచ్చింది. నిన్న ఉర్దూలో రాసి కొలువు చేసిన గుమాస్తా ఇవాళ నిరక్షరాస్యుడిగా తేలాడు. ఆయన కొడుకు తెలుగు మీడియం బడిలో కూర్చున్నాడు. ఆ కొడుకుల కొడుకులమే మేం. మా తాతలు దరఖాస్తు భాషలో పెద్దలు. మేం వ్యాసం భాషలో కొత్త పిల్లలం. ఇదీ మా ఊళ్లల్లో రెండు కాగితాలకూ ఉన్న చుట్టరికం.

ఇప్పుడు పరీక్ష వ్యాసం దగ్గరికి వద్దాం. పేరు దాచి పోటీ పరీక్ష పెట్టడం చైనా సామ్రాజ్యంలో వందల ఏండ్లు నడిచింది. అక్కడ 1905లో దాన్ని రద్దు చేశారు. మన దేశానికి అది ఇంగ్లీషువాళ్లతో వచ్చింది. అంతకుముందు కంపెనీ కొలువు కావాలంటే డైరెక్టర్ల సిఫారసు ఉండాలి. 1854లో మెకాలే కమిటీ ఆ పద్ధతి తీసేసి పోటీ పరీక్ష పెట్టమంది. 1855లో మొదటి పరీక్ష జరిగింది. ఆ కమిటీ వేసిన మార్కుల పట్టీ చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. మొత్తం 6,875 మార్కులు. గ్రీకుకు 750, లాటిన్‌కు 750. ఇంగ్లీషు వ్యాసరచన ఒక్కదానికే 500. సంస్కృతానికి 375, అరబ్బీకి 375. పరీక్ష అందరికీ ఒకటే. మార్కులు మాత్రం ఎవరి భాషకు ఎన్నో ముందే తూచి పెట్టారు.

అయినా పరీక్ష వ్యాసాన్ని ఊరికే తిట్టలేం. సిఫారసు లేనివాడికి అది పెద్ద దిక్కు. పేరు మూసిన కాగితం ఒక పర్దా. పర్దా వెనక నుంచి మాట్లాడితే మాటే వినపడుతుంది, మొహం కనపడదు. అద్దె ఇల్లు అడిగితే పేరు వినగానే ఖాళీ లేదనే లోకంలో, హాల్ టికెట్ నంబరు మాత్రమే ఉండే కాగితం ఎంత ఊరటో పేరు వల్ల వెనక్కి తిరిగొచ్చినవాడికే తెలుస్తుంది. లారీ డ్రైవర్ బిడ్డ, పంక్చర్ షాపు కొడుకు, పండ్ల బండి తమ్ముడు ఎవరి సిఫారసూ లేకుండా టీచర్లయ్యారంటే, పోలీసులయ్యారంటే, గుమాస్తాలయ్యారంటే పేరు మూసిన పరీక్షే కారణం. ఆ రుణం మరిచిపోకూడదు.

కాని పేరు మూస్తే సరిపోతుందా? పేరు మూసినా ప్రశ్న తెరిచే ఉంటుంది కదా! నీకు నచ్చిన పండుగ గురించి వ్యాసం రాయుము అంటారు. గైడులో సంక్రాంతి ఉంటుంది, దసరా ఉంటుంది, దీపావళి ఉంటుంది. ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసులు. కంఠతా పట్టిన పిల్లవాడికి మార్కులు ఖాయం. రంజాన్ గురించి రాస్తే ఎవరూ కాదనరు. కాని సెహ్రీ, ఇఫ్తార్, ఫిత్రా, ఈద్గా అని రాసేసరికి ఆ మాటలు తెలుగేనా, దిద్దేవాడికి అర్థమవుతాయా, ఎర్ర సిరా పడుతుందా అన్న భయం. ఆ భయంతోనే మా పిల్లలు తాము ఎన్నడూ వేయని ముగ్గుల గురించి చక్కగా రాసి వచ్చారు. మార్కులూ వచ్చాయి. మా ఇంటి పండుగ మాత్రం కాగితం మీదికి రాకుండానే పోయింది.

అది మా ఒక్కరి బాధ కూడా కాదు. తెలంగాణ పిల్లలందరిదీ. వచ్చిండు, పోయిండు అని రాస్తే తప్పు. వచ్చాడు, పోయాడు అని రాస్తే ఒప్పు. బతుకమ్మ కన్నా గొబ్బెమ్మ గైడుకు దగ్గర. దళిత పిల్లవాడి ఇంటి కూర పేరు ఏ వ్యాసంలోనూ లేదు. పాలకీడు మండలంలో జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉంది. ప్రతి జనవరిలో అక్కడ ఉర్సు జరుగుతుంది. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు ఊళ్ల నుంచి హిందువులు, ముస్లింలు కలిసి పోతారు. కందూర్లు చేస్తారు. సైదులు, సైదమ్మ అని పిల్లలకు పేర్లు పెట్టుకుంటారు. మత సామరస్యం అని ప్రశ్న వస్తే మాత్రం గైడులోంచి అశోకుడు, అక్బరు వస్తారు. పది మైళ్ల దూరంలో ఉన్న సైదులు రాడు. పీర్ల పండుగ నాడు అలావా చుట్టూ దూలా ఆడిన మాదిగ పిల్లవాడూ, సాకలి పిల్లవాడూ, తురక పిల్లవాడూ ముగ్గురూ పరీక్ష హాల్లో ఒకే అశోకుణ్ణి రాసి బయటికొస్తారు.

పైకి పోయే కొద్దీ ఈ వ్యాసం బరువు పెరుగుతుంది. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపరుకు 150 మార్కులు. మూడు గంటల్లో మూడు వ్యాసాలు. తెలంగాణలో దాన్ని ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూల్లో దేనిలోనైనా రాయొచ్చు. యూపీఎస్సీ సివిల్స్‌లో 1993 నుంచి వ్యాసం పేపరు పెట్టారు. మొదట 200 మార్కులు, 2013 నుంచి 250. అక్కడ కూడా పేరు మూసే ఉంటుంది. కాని రాసిన భాష మూసి ఉండదు. 2024 అక్టోబర్‌లో జరిగిన తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ మూల్యాంకనం మీద కేసులు పడ్డప్పుడు తెలుగు మీడియం వాళ్లకు అన్యాయం జరిగిందన్న ఆరోపణ హైకోర్టు దాకా పోయింది. అందులో నిజమెంతో తేల్చాల్సింది న్యాయస్థానం. మనం చూడాల్సింది ఆ అనుమానం ఎందుకు పుట్టిందన్నది. పేరు దాచొచ్చు. ఏ బడిలో చదివామో దాచలేం. వాక్యం మన ఊరు చెప్పేస్తుంది.

ఇక దరఖాస్తు వ్యాసం. దీని పుట్టుక వింటే మా వాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా పెద్ద కాలేజీల్లో ప్రవేశానికి కాలేజీ బోర్డు పరీక్షలుండేవి. వాటిని 1901లో మొదలుపెట్టారు. ప్రశ్నలకు వ్యాసాల రూపంలో జవాబులు రాయాలి. పాసైతే సీటు. తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదుల పిల్లలు ఆ పరీక్షల్లో బాగా నెగ్గారు. 1922 నాటికి హార్వర్డ్‌లో కొత్తగా చేరేవాళ్లలో అయిదో వంతు దాటారు. అప్పటి ప్రెసిడెంటు లోవెల్‌కు అది నచ్చలేదు. కోటా పెట్టి ఆపాలన్నాడు. కోటా బాహాటంగా పెడితే గొడవయింది. అప్పుడు వేరే దారి తొక్కారు. దరఖాస్తు ఫారంలో జాతి, రంగు, మతం, తల్లి పుట్టింటి పేరు, తండ్రి పుట్టిన ఊరు అడిగారు. నీ పేరుగాని మీ నాన్న పేరుగాని పుట్టినప్పటి నుంచి ఏమైనా మారిందా అని కూడా అడిగారు. 1926లో శీలం, వ్యక్తిత్వం చూసి సీటిస్తామన్నారు. ఫొటోలు, సిఫారసు ఉత్తరాలు, ఇంటర్వ్యూలు వచ్చాయి. జెరోమ్ కారాబెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 2005లో అచ్చయిన ద చోజెన్ అనే పుస్తకంలో ఈ చరిత్రంతా కాగితాలతో సహా బయటపెట్టాడు.

గమనించండి. పరీక్ష వ్యాసంలో మైనారిటీ పిల్లలు గెలిచారు. గెలిచాక ఆట నియమం మార్చారు. ఏం తెలుసు అన్న ప్రశ్న పోయి నువ్వెవరు అన్న ప్రశ్న వచ్చింది. పర్దా తీసి మొహం చూపించమన్నారు. ఇవాళ కాలేజీలు అడిగే నీ గురించి రాయి అన్న వ్యాసం ఈ చెట్టు కొమ్మే. తర్వాత కాలంలో ఆ కొమ్మకు మంచి కాయలూ కాశాయి. నల్లవాళ్లు, వలస వచ్చినవాళ్లు, పేదవాళ్లు తమ బతుకు చెప్పుకోవడానికి అదే కాగితం దారి ఇచ్చింది. 1975లో పదిహేను కాలేజీలు కలిసి మొదలుపెట్టిన కామన్ అప్లికేషన్ ఇవాళ ఎన్నో వందల కాలేజీలకు ఒకే దరఖాస్తు. అందులో సొంత వ్యాసం 250 నుంచి 650 మాటలు. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవద్దని తీర్పు చెప్పింది. ఆ తీర్పులోనే, జాతి తన బతుకును ఎట్లా ప్రభావితం చేసిందో అభ్యర్థి వ్యాసంలో చెప్పుకోవడానికి అడ్డు లేదని కూడా ఉంది. గడిలో టిక్కు పెట్టే బరువంతా వ్యాసం మీద పడింది. వందేండ్ల కింద బయటికి తోయడానికి పుట్టిన ప్రశ్నే ఇవాళ లోపలికి రావడానికి మిగిలిన సందు.

మరి ఆ దేశంలో పరీక్ష వ్యాసం ఏమైంది? 2005లో శాట్ పరీక్షలో ఇరవై అయిదు నిమిషాల వ్యాసం పెట్టారు. ఎమ్ఐటీలో రచన బోధించే లెస్ పెరెల్మన్ కొన్ని నమూనా వ్యాసాలు తీసుకుని చూస్తే పొడుగు వ్యాసాలకే ఎక్కువ మార్కులు పడ్డట్టు తేలింది. అందులో రాసిన సంగతులు తప్పయినా మార్కులు తగ్గలేదు. 2016లో దాన్ని ఇష్టమైతే రాయొచ్చన్నారు. 2021లో ఎత్తేశారు. అడిషనల్ షీట్లు ఎక్కువ కడితే మార్కులు ఎక్కువొస్తాయని మన బడుల్లో చెప్పుకునే మాట అక్కడ లెక్కలతో రుజువయింది. గడియారం ముందు పెట్టి రాయించిన వ్యాసం రాత నేర్పుతుందో, పేజీలు నింపడం నేర్పుతుందో వాళ్లకే అనుమానం వచ్చింది. పరీక్ష వ్యాసం సన్నబడింది. దరఖాస్తు వ్యాసం లావయింది.

మన దగ్గర దారి వేరు. 1986 నుంచి ఎంసెట్. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టడమే. ఇంజనీరింగ్ సీటుకు వ్యాసం అక్కర్లేదు. వ్యాసం బదులు సర్టిఫికెట్ ఉంది. మా గురించి మేం రాసుకోవాల్సింది తాసీల్దారు రాసిస్తాడు. ముస్లింలలో దూదేకుల, నూర్‌బాష్‌లు బీసీ-బీ. 2004లో ముస్లింలకు అయిదు శాతం అన్నారు, కోర్టులో నిలవలేదు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక వచ్చింది. వెనకబడ్డ ముస్లిం తెగలను బీసీ-ఈ కింద చేర్చి నాలుగు శాతం ఇచ్చారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది. 2006 సచార్ కమిటీ నివేదిక, 2016 సుధీర్ కమిషన్ నివేదిక కూడా చేతిలో ఉన్నాయి. నా దృష్టిలో ఇవన్నీ మా తరఫున ఇతరులు రాసిన దరఖాస్తు వ్యాసాలే. మేం ఎంత పేదలమో, మా పిల్లలు ఎక్కడ బడి మానేస్తున్నారో అంకెలతో రాశారు. అవసరమే. అంకెలు లేకుంటే హక్కులు లేవు. కాని నైజాం కాలపు రైతులాగా మేం ఇంకా వేలిముద్ర వేసేవాళ్లగానే ఉన్నామా అన్న అనుమానం పీడిస్తుంటుంది.

ఈ నేపథ్యంలోంచి మా పిల్లవాడు మూడో కాగితం ముందు కూర్చుంటున్నాడు. బీటెక్ అయింది. జీఆర్ఈ రాయాలి. అందులో 2002 నుంచి రాత పరీక్ష ఉంది. మొదట రెండు వ్యాసాలుండేవి. 2023 సెప్టెంబర్ నుంచి అరగంటలో ఒక్కటే. ఐఎల్‌టీఎస్ అయితే నలభై నిమిషాల్లో 250 మాటల వ్యాసం. ఇవి పరీక్ష వ్యాసాలు. ఇక్కడ కోచింగ్ పనికొస్తుంది. మొదట అభిప్రాయం, తర్వాత రెండు కారణాలు, ఒక ఉదాహరణ, ముగింపు. మన పదో తరగతి ఉపోద్ఘాతం, విషయ వివరణ, ఉపసంహారం లాంటిదే ఇదీ. మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువుకు తెలంగాణ ప్రభుత్వం 2015 నుంచి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పెట్టింది. అది 20 లక్షల రూపాయల దాకా పెరిగింది. దానికీ ఈ స్కోర్లు కావాలి. అంటే మొదటి గేటు దగ్గర పేరు మూసిన వ్యాసమే. రెండో గేటు దగ్గర స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అనే పేరు తెరిచిన వ్యాసం.

రెండో గేటు దగ్గరే మనవాళ్లు ఆగిపోతున్నారు. కన్సల్టెన్సీలో పాత కాగితం ఒకటి ఉంటుంది. అందులో పేరు మారుస్తారు, కాలేజీ మారుస్తారు. మొదటి వాక్యం అబ్దుల్ కలాం మాట. రెండో వాక్యం చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే పిచ్చి. మిర్యాలగూడ రైస్ మిల్లులో తండ్రి మోటార్లు బాగుచేస్తాడు. ఆ పిల్లవాడు తొమ్మిదో తరగతి నుంచి తండ్రి పక్కన కూర్చుని కాయిల్ చుట్టాడు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఎందుకు అన్న ప్రశ్నకు అంతకన్నా మంచి జవాబు లోకంలో ఎక్కడైనా ఉంటుందా? ఆ మాట కాగితం మీద ఉండదు. ఎందుకుండదు? పదేండ్లు బడిలో నేర్పింది అదే కదా. నీ పేరు రాయకు, నీ ఇల్లు రాయకు, నీ మాట రాయకు, గైడులో ఉన్నది రాయి. ఆ చదువు చదివినవాణ్ణి ఒక్కసారిగా నీ గురించి చెప్పు అంటే వాడికి దొరికేది ఇంకో గైడు. సంక్రాంతి ముగ్గులు రాసిన చెయ్యే కలాం మాట రాస్తుంది. పరీక్ష వ్యాసానికీ దరఖాస్తు వ్యాసానికీ మన ఊళ్లల్లో ఉన్న అసలు సంబంధం ఇదే. మొదటిది నేర్పిన భయాన్ని రెండోది బయటపెడుతుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. నీ గురించి చెప్పు అన్నవాడు ఏం వినాలనుకుంటున్నాడు? నల్లవాడి దగ్గర బీదరికం కథ, వలస వచ్చినవాడి దగ్గర కష్టం కథ, ముస్లిం అమ్మాయి దగ్గర బురఖా తీసేసిన కథ. గాయం చూపిస్తే సీటు. గాయం లేకుంటే కొంచెం గీరుకుని చూపించాలి. ముస్లిం పిల్లవాడికి రెండు వేషాలే మిగులుతాయి. ఒకటి బాధితుడు. రెండోది, అందరిలాంటివాణ్ణి కాను, మంచి ముస్లింను అని ప్రమాణం చేసేవాడు. మిల్లులో మోటారు చుట్టే మామూలు మనిషికి ఆ కథలో చోటుండదు. పరీక్ష వ్యాసం మమ్మల్ని చెరిపేస్తే దరఖాస్తు వ్యాసం మమ్మల్ని బొమ్మ కట్టి నిలబెడుతుంది. పేరు దాచిపెట్టడమూ పేరు అమ్ముకోవడమూ రెండూ మన పేరుతో మనం బతకడం కావు.

బతికే దారి మూడోది ఒకటి ఉంది. అది పరీక్షల్లోంచి రాలేదు. రెండు వందల ఏండ్ల కింద కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి గ్రామ చరిత్రలు రాయించారు. వాటికి కైఫియత్ అని పేరు. అదీ మా వైపు మాటే. ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పడమని అర్థం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ పుట్టుమచ్చ వచ్చింది. 1992 డిసెంబర్ 6 తర్వాత తెలుగు ముస్లింలు రాయడం ఆగలేదు. 1998లో జల్జలా సంకలనం వచ్చింది. అమ్మీ, అబ్బా, దస్తర్‌ఖాన్, పీర్లు, తలాఖ్, కర్ఫ్యూ అన్నీ తెలుగు కాగితం మీదికి వచ్చాయి. వాటికి ఎవరూ మార్కులు వెయ్యలేదు, ఎవరూ సీటివ్వలేదు. ఎవరి దయా అడగకుండా పేరు పెట్టి రాసుకున్న కైఫియత్‌లు అవి. తోటి తెలుగువాళ్లు చదివారు, కొందరు కోప్పడ్డారు, చాలామంది ఇన్నాళ్లూ మీరెందుకు చెప్పలేదన్నారు. అడిగే గడి లేదు గనుక చెప్పలేదు.

చెయ్యాల్సిన పని పెద్దదేమీ కాదు. సర్కారు జీవో కోసం చూడనక్కర్లేదు. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాల్లో, జెడ్పీ హైస్కూళ్లల్లో, ఉర్దూ మీడియం బడుల్లో తెలుగు చెప్పే టీచర్లు మొదలుపెట్టొచ్చు. వారానికొక వ్యాసం గైడులో లేనిది రాయించండి. జాన్‌పహాడ్ ఉర్సు గురించి, పెద్దగట్టు జాతర గురించి, హైవే పక్క చాయ్ హోటల్ గురించి, మిల్లు గురించి, అమ్మీ బీడీలు చుట్టే చేతుల గురించి. పిల్లవాడు తన పేరు పెట్టి రాయాలి. వచ్చిండు అన్నా కొట్టెయ్యొద్దు, ఇఫ్తార్ అన్నా సున్న చుట్టొద్దు. ఆ తర్వాత అదే విషయాన్ని పేరు తీసేసి, అరగంటలో, మూడు పేరాల్లో రాయించండి. పరీక్ష వ్యాసం నేర్పే క్రమశిక్షణ మనకు కావాలి. కారణం చెప్పకుండా మాట అనకూడదని, ముందు చెప్పింది తర్వాత తప్పకూడదని అది నేర్పుతుంది. మన ఆవేశాలకు ఆ కట్టు అవసరం. కాని కట్టు కట్టడానికి లోపల ఒక మనిషి ఉండాలి కదా.

రెండూ చేతనైన పిల్లవాడు ఏ కాగితం ముందైనా తడబడడు. పేరు మూసినప్పుడు తన ఆలోచన మీద నిలబడతాడు. పేరు అడిగినప్పుడు గాయాన్ని గీరుకోకుండా, ప్రమాణాలు చెయ్యకుండా, నేను ఫలానా ఊరివాణ్ణి, మా అబ్బా ఫలానా పని చేస్తాడు, నాకు ఇది వచ్చు, ఇది నేర్చుకోవాలి అని రాస్తాడు. వేలిముద్ర నుంచి సంతకం దాకా రావడానికి మా ఇండ్లల్లో మూడు తరాలు పట్టింది. సంతకం పైన ఉండే నాలుగు మాటలు కూడా ఇక మావే కావాలి.